నిమ్మచెక్కా, సబ్బుచుక్కా?

మైక్రోవేవ్ ఓవెన్ తుడవడం చిన్న పనే. దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాలు మాత్రం చిన్నవి కావు. నిమ్మకాయ, వెనిగర్, తినేసోడా ఇంట్లో ఉంటే ఇంకేదీ కొనక్కర్లేదని కొందరంటారు. ఆ చిట్కాలతోనే మిషన్లు పాడవుతున్నాయని బాగుచేసేవాళ్ళు మొత్తుకుంటారు. రెండు పక్షాల్లోనూ నిజం ఉందని నా నమ్మకం. అందుకే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు విజయవాడలో పెద్ద సంసారానికి ఏళ్ళ తరబడి వండి పెట్టిన పెద్దమ్మ. రెండోవాడు ఆవిడ చెల్లెలి కొడుకు. ఓవెన్లు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు.

పెద్దమ్మ: ఏరా అబ్బాయ్, తలుపు తియ్యగానే మొహం అలా పెట్టావేంటి? నిన్ననే తుడిచాను. నిమ్మకాయ వాసన తప్ప ఇంకేమన్నా వస్తోందా?

అబ్బాయి: వాసన బాగానే ఉంది పెద్దమ్మా. ఒకసారి పైకప్పు మీద వేలు పెట్టి చూడు.

పెద్దమ్మ: అరె, బంకలా అంటుకుంటోందే.

అబ్బాయి: అందరూ పక్క గోడలు తుడుస్తారు, గాజు పళ్ళెం కడుగుతారు. పప్పు చిటపటలాడి ఎగిరేది పైకి. అక్కడ పడ్డ నూనె మళ్ళీ మళ్ళీ కాగి వార్నిష్ లాగా పట్టేస్తుంది. దాన్ని నిమ్మరసం ఏమీ చెయ్యలేదు. నిమ్మలో ఉన్నది ఆమ్లం. ఆమ్లానికి నూనె లొంగదు.

పెద్దమ్మ: మరి మా అత్తగారింట్లో ఇత్తడి బిందెలు చింతపండుతో తోమితే అద్దంలా మెరిసేవే!

అబ్బాయి: అక్కడ పోయింది చిలుము. లోహం గాలికీ తేమకీ మారి కట్టిన పొర అది. ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. నీ ఓవెన్‌లో చిలుమెక్కడుంది? పప్పు, పాలు, పిండి, తాలింపు నూనె, పసుపు. మురికి వేరు, మందు వేరు.

పెద్దమ్మ: అయితే గిన్నెడు నీళ్ళలో నిమ్మచెక్కలు వేసి అయిదు నిమిషాలు తిప్పితే అంతా ఎలా ఊడి వస్తోంది?

అబ్బాయి: ఆవిరికి. వేడి చేశాక తలుపు తియ్యకుండా ఇంకో అయిదు నిమిషాలు ఆగితే, ఎండిపోయిన పప్పూ పిండీ ఆ తేమ పీల్చుకుని మెత్తబడతాయి. ఉత్త నీళ్ళు పెట్టినా అంతే. పని చేసేది నీళ్ళు, పేరు నిమ్మకాయకి.

పెద్దమ్మ: అదుగో, అక్కడే నేనొప్పుకోను. ఆదివారం చేపల పులుసు వేడి చేశాక నువ్వన్నట్టు ఉత్త నీళ్ళ ఆవిరే పట్టించి తుడిచాను. తెల్లారి పాలు పెడితే పాలకి నీచు వాసన! నిమ్మచెక్కలు వేసి మళ్ళీ చేస్తే పోయింది. నా ముక్కు అబద్ధం చెబుతుందా?

అబ్బాయి: చెప్పదు. చేప నీచుకి ట్రైమిథైలమీన్ అనే పదార్థం కారణం. దానిది క్షార గుణం. ఆమ్లం తగిలితే లవణంగా మారి అక్కడే ఉండిపోతుంది, గాల్లోకి లేవదు, ముక్కు దాకా రాదు. చేపల పులుసులో చింతపండు చేసేదీ అదే. కాకపోతే ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆవిరి పట్టాక గిన్నెలో మిగిలిన నిమ్మనీళ్ళని ఏం చేశావు?

పెద్దమ్మ: పారబొయ్యడం ఎందుకని ఆ నీళ్ళలోనే గుడ్డ ముంచి తుడిచాను.

అబ్బాయి: నీచు పోగొట్టింది ఆ తుడుపు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఆవిరితో పైకి లేవదు. లేచేది తొక్కలో నూనె, దాని పరిమళం. వెనిగర్‌లో ఆమ్లమైతే కొంత ఆవిరవుతుంది, అందుకే అది పెడితే ముక్కు మండుతుంది. చాలామంది నిమ్మనీళ్ళు మరగబెట్టి, సింకులో పారబోసి, పొడిగుడ్డతో తుడిచేస్తారు. నీచు మీద నిమ్మవాసన పూసినట్టవుతుంది తప్ప నీచు పోదు.

పెద్దమ్మ: అంటే నిమ్మకాయ పనిచేసిందనే కదా!

అబ్బాయి: వాసనకి చేసింది. జిడ్డుకి చెయ్యలేదు. ఆ రెండూ వేరని ఒప్పుకుంటే నాకు చాలు. అసలు భయం ఇంకోటుంది. నీళ్ళు దేంట్లో పెడుతున్నావు?

పెద్దమ్మ: కొత్త గాజు గిన్నెలో. నున్నగా ఉంటుంది, తోమడం సులువు.

అబ్బాయి: ఆ నున్నదనమే ప్రమాదం. పొయ్యి మీద నీళ్ళు కాగితే అడుగున బుడగలు లేస్తాయి, మరుగుతోందని తెలుస్తుంది. మైక్రోవేవ్‌లో నున్నటి గిన్నెలో, ముఖ్యంగా ఉత్త నీళ్ళు పెడితే, బుడగ పుట్టడానికి ఒక గరుకు చోటు దొరకదు. నీళ్ళు నూరు డిగ్రీలు దాటి కూడా కదలకుండా నిలబడతాయి. గిన్నె తీస్తూ కాస్త కుదిపినా, చెంచా పెట్టినా ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. మొహాలు కాలినవాళ్ళున్నారు. గిన్నెలో ఒక చెక్క గరిటె గానీ అగరుబత్తి పుల్ల గానీ నిలబెట్టి పెట్టు. అగరుబత్తిది ఉత్త పుల్ల, మందు లేనిది. నిమ్మచెక్కలు వేసినా బుడగకి చోటు దొరుకుతుంది. నీ నిమ్మకాయకి నేనిచ్చే మొదటి మార్కు అదే.

పెద్దమ్మ: సరే, జిడ్డు సంగతికి రా. దానికి నాకింకో ఉపాయం ఉంది. తినేసోడా చల్లి, దాని మీద వెనిగర్ పోస్తాను. బుసబుసమని పొంగుతుంది చూడు, ఆ పొంగుకి జిడ్డంతా లేచి వస్తుంది.

అబ్బాయి: ఆ పొంగు చూస్తే ఎవరికైనా ఏదో జరుగుతోందనిపిస్తుంది. జరుగుతోంది కూడా, కానీ జిడ్డుకి కాదు. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. లేచేది కార్బన్ డయాక్సైడ్. చెంచాడు సోడా, అంటే ఓ 5 గ్రాములు, పూర్తిగా విరగడానికి అయిదు శాతం వెనిగర్ 70 మిల్లీలీటర్లుంటే చాలు. బుసబుస ఆగాక మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్ళు. సోడా పోయింది, వెనిగర్ పోయింది. రెండు పనిముట్లుంటే రెండూ ఒకదానికొకటి కొట్టి విరగ్గొట్టావు.

పెద్దమ్మ: మరి విడివిడిగా?

అబ్బాయి: విడిగా సోడా మంచి సరుకు. తడిగుడ్డ మీద వేసి రుద్దు. సోడా పలుకు గాజు కంటే, ఎనామిల్ కంటే మెత్తన. గీతలు పడకుండా గీకుతుంది. అదే ఇటుకపొడో ఇసుకో అయితే గాజుని కూడా గీసేస్తుంది. ఉప్పు కూడా మెత్తనే గానీ, స్టీలుకి దానితో శత్రుత్వం. నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది రుద్దమని ఎవరన్నా చెబితే మాత్రం ఓవెన్‌లో చెయ్యకు. పులుపూ ఉప్పూ కలిసి పెయింటు లేచిన చోట తుప్పు పుట్టిస్తాయి. తుప్పు పట్టిన చోట నిప్పురవ్వలు లేస్తాయి.

పెద్దమ్మ: ఇన్ని తిరకాసులు చెప్పి చివరికి నువ్వు తెచ్చేది ఆ సీసా కదా. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు. ఆ రసాయనం నా అన్నం వేడి చేసుకునే చోట ఎందుకు పూయాలి? నేను వాడేవి సహజమైనవి.

అబ్బాయి: సహజమైనవా? నీ వెనిగర్ సీసా ఇలా ఇవ్వు. చదువు. సింథటిక్, ఎసిటిక్ ఆమ్లంతో తయారైంది. చెరుకురసం పులిసి వచ్చింది కాదు, ఫ్యాక్టరీలో చేసిన ఆమ్లంలో నీళ్ళు కలిపింది. అలా చేస్తే సీసా మీద రాసి తీరాలని మన ఆహార నిబంధన. ఇక సోడా. గుజరాత్‌లో మీఠాపూర్ అని ఊరుంది, టాటా వాళ్ళ పెద్ద ఫ్యాక్టరీ ఉంది. ఉప్పు, సున్నపురాయి, అమోనియా తీసుకుని సోడా తయారుచేసే పద్ధతి అక్కడ నడుస్తుంది. బెల్జియం ఆయన ఎర్నెస్ట్ సాల్వే 1860లలో కనిపెట్టిన పద్ధతి. మూడింట్లో చెట్టు నుంచి వచ్చింది నీ నిమ్మకాయ ఒక్కటే.

పెద్దమ్మ: ఎక్కడ తయారైతే నాకేంటిరా? నేను సహజం అనేది ఒకే ఒక్క అర్థంలో. తుడిచాక మూలల్లో కాస్త మిగిలిపోయిందనుకో. తర్వాత అన్నం గిన్నె పెడతాను, ఆవిరి పడుతుంది, పైకప్పు నుంచి చుక్క గిన్నెలో పడుతుంది. ఆ చుక్కలో నిమ్మరసం ఉంటే నాకు దిగులు లేదు. సోడా ఉంటే దిగులు లేదు, ఇడ్లీ పిండిలో వేసుకునేదే. నీ సీసాలో రంగూ సెంటూ ఉంటే దిగులే. ఇంకో సంగతి. మా ఇంట్లో పనిచేసే పిల్ల వెనకటి ఇంట్లో ఓవెన్లు, చిమ్నీలు తోమడానికి ఏదో ఘాటు మందు వాడేదట. వట్టి చేతులతో. అరచేతులు పగిలి, అన్నం కలుపుకోవడానికి కూడా లేదు. ఆ చేతులు చూశాక నేను ఆ సీసాలు ఇంటికి తేవడం మానేశాను.

ఇక్కడ ఆపి నా మాట చెప్పాలి. వస్తువు ఎక్కడ పుట్టిందన్న వాదనలో అబ్బాయి నెగ్గాడు. కానీ పెద్దమ్మ అడిగిన ప్రశ్న అంతకంటే పెద్దది. తుడిచాక ఏం మిగులుతుంది, అది ఎవరి నోట్లోకి, ఎవరి చర్మం మీదికి పోతుంది? వంటింట్లో ఏ వస్తువునైనా ముందు ఈ ప్రశ్నతోనే తూచాలని నేను గట్టిగా నమ్ముతాను. సీసా మీద ఆకు బొమ్మ ఉందా లేదా అన్నది ఆ తర్వాతి మాట. పొయ్యిలూ చిమ్నీలూ తోమే ఘాటు మందుల్లో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. అది చర్మాన్నే తినేస్తుంది. మైక్రోవేవ్‌లో దానికసలు చోటు లేదు.

అబ్బాయి: ఆ ఘాటు మందు వాడమని నేనూ చెప్పను పెద్దమ్మా. అది కొట్టాక వేడి చేస్తే ఆ ఆవిరి కూడా ఇల్లంతా పడుతుంది. నేను చెప్పేది గిన్నెల సబ్బు, కప్పు గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క. ఆ గుడ్డతో ఒకసారి, మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు. ఆ సబ్బుతో కడిగిన కంచంలోనే కదా తింటున్నావు?

పెద్దమ్మ: కంచాన్ని కుళాయి కింద పెడతాను. ఓవెన్‌ని పెడతానా?

అబ్బాయి: అదీ నిజమే. అందుకే ఒక్క చుక్క అన్నాను.

పెద్దమ్మ: ఒక్క చుక్కా వద్దు. జిడ్డుకి మా అమ్మ వాడింది నాకుంది. నాలుగు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్ళలో నానబెట్టి పిసికి వడగడతాను. తలకి పెట్టిన ఆముదం జిడ్డు వదిలించేది అదే. పట్టుచీర ఉతికేది అదే. ఓవెన్ పైకప్పు జిడ్డు దానికో లెక్కా?

అబ్బాయి: ఉండు, ఉండు. ఇది సరైన మాట. కుంకుడులో సాపోనిన్లు ఉంటాయి. ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెని. సబ్బు చేసేదీ అచ్చం అదే. నిమ్మకీ వెనిగర్‌కీ సోడాకీ లేని గుణం అది. ఇన్నాళ్ళూ ఆ మూడింటి చిట్కాలు వింటున్నానే గానీ, కుంకుడుకాయ మాట ఎవరూ అనగా వినలేదు.

పెద్దమ్మ: ఎవరి వంటింటి చిట్కాలో తెచ్చుకున్నాం. వాళ్ళ పెరట్లో కుంకుడుచెట్టు లేదు.

ఈ మాట దగ్గర నేను పెద్దమ్మ పక్షం. దక్షిణాదిలో పెరిగే చెట్టు, తరాలుగా తలంటుకీ పట్టుకీ నగలకీ వాడుకున్న కాయ. కొత్త యంత్రం రాగానే అది మనకి గుర్తుకే రాలేదు. ఊరగాయలో కూడా ఎప్పుడూ వాడని వెనిగర్‌ని మాత్రం వెతుక్కుని కొన్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

అబ్బాయి: అయితే జాగ్రత్తలున్నాయి. పలచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టు, పొట్టు మిగలకూడదు. రసం కళ్ళలో పడితే ఎంత మంటో నీకు నేను చెప్పక్కర్లేదు. పైకప్పు తుడిచేటప్పుడు చుక్క మొహం మీద పడకుండా గుడ్డని గట్టిగా పిండు. నిలవ ఉంటే పులుస్తుంది, ఏ రోజుకారోజు తీసుకో. ఆఖర్న మంచినీళ్ళ గుడ్డ తప్పదు, లేకపోతే గోధుమరంగు చార మిగులుతుంది.

పెద్దమ్మ: తలుపు లోపలి ప్లాస్టిక్ మీద ఈ పసుపు మరక మాత్రం దేనికీ పోదు. పోయిన నెల సోడా ముద్ద పెడితే ఎర్రగా తిరిగింది. ఇంకా పాడైందని హడలిపోయి కడిగేశాను.

అబ్బాయి: దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా చేస్తావు?

పెద్దమ్మ: పసుపులో సున్నం కలిపి. ఓహో!

అబ్బాయి: అదే ఇది. పసుపులో కర్కుమిన్ ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం గట్టి క్షారం, సోడా మెతక. నిమ్మరసం రాస్తే మళ్ళీ పచ్చబడుతుంది. రంగు మారిందే తప్ప మరక పెరగలేదు, తరగలేదు. కర్కుమిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది.

పెద్దమ్మ: పనసకాయ జిగురు చేతికంటితే నూనె రాసి తీస్తాం. ఆ లెక్కా?

అబ్బాయి: అదే లెక్క. దూదితో ఒక చుక్క వంటనూనె రాసి కాసేపు ఉంచు. తర్వాత ఆ నూనెని నీ కుంకుడురసంతో తీసెయ్యి. పళ్ళెం, మూతలు లాంటివి విడిగా వస్తాయి కనక డాబా మీద ఎండలో పెట్టు. పసుపు వెలుతురుకి నిలవదు.

పెద్దమ్మ: తెలుసు. పసుపులో ముంచిన బట్ట ఎండలో ఆరేస్తే వెలిసిపోతుందని నీడనే ఆరేసేవాళ్ళం. ఇక్కడ తిరగేసుకోవాలన్నమాట. ఇంకొకటి. ఎవరో అన్నారు, మైక్రోవేవ్‌లో క్రిములు బతకవు, తుడవకపోయినా ఫరవాలేదని.

అబ్బాయి: తప్పు. కిరణాలు వేడి చేసేది తేమ ఉన్న పదార్థాన్ని. పొడిగా ఉన్న గోడ పెద్దగా వేడెక్కదు. 2024లో స్పెయిన్‌లోని వాలెన్సియా పరిశోధకులు ఇళ్ళలో, ఆఫీసుల్లో, ప్రయోగశాలల్లో కలిపి 30 మైక్రోవేవ్‌ల లోపలి నుంచి నమూనాలు తీశారు. రకరకాల బ్యాక్టీరియా బతికే ఉంది. వంటింటి గట్టు మీద ఉండేలాంటివే చాలా వరకు. ఒకవేళ క్రిముల భయంతో ఎవరన్నా బ్లీచింగ్ పౌడరు నీళ్ళు తెచ్చి, పైన వెనిగరో నిమ్మరసమో పోస్తే కొంప మునుగుతుంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన వంటింట్లో ఊపిరి ఆడదు. తినే వస్తువే కదా అని నిమ్మరసాన్ని అన్నిటితో కలపకూడదు.

పెద్దమ్మ: అది మా పనిపిల్లకి కూడా చెప్పాలి. సరే, ఇంతకీ నువ్వు వచ్చిన పని ఏమైంది? లోపల టప్‌టప్‌మని మెరుపులొస్తున్నాయని కదా పిలిచాను.

అబ్బాయి: ఇదుగో, కుడిచేతి గోడ మీద ఈ బూడిదరంగు అట్టముక్క చూశావా? ఇన్నాళ్ళూ దీన్నేమనుకున్నావు?

పెద్దమ్మ: లోపల అతికించిన కాగితం అనుకున్నాను. మరక పడితే సోడా వేసి స్టీలు పీచుతో బాగా రుద్దాను.

అబ్బాయి: అది మైకా. మన కాకిబంగారం. గూడూరు దగ్గర సైదాపురం వైపు గనుల్లో తవ్వేది ఆ జాతి రాయే. దాని వెనక, కిరణాలు పుట్టించే మాగ్నెట్రాన్ నుంచి వచ్చే దారి ఉంది. కిరణాలు ఈ కిటికీలోంచే లోపలికొస్తాయి. మైకా వాటిని అడ్డుకోదు, వేడికి తట్టుకుంటుంది, కూరచుక్కల్ని మాత్రం ఆపుతుంది. దీని మీద జిడ్డు పడి మాడి బొగ్గయిందనుకో, ఆ బొగ్గు కిరణాల్ని తాగి ఎర్రగా కాలుతుంది. ఇదుగో ఈ నల్ల చిల్లు అలా పడిందే. పీచు రుద్దుడుకి పొరలు లేచాయి. పైగా పీచు తునక ఒకటి ఇక్కడ ఇరుక్కుంది. నీకు కనబడిన మెరుపు దానిదే.

పెద్దమ్మ: అయ్యో. మిషన్ పోయినట్టేనా?

అబ్బాయి: పోలేదు. మైకా ఒక్కటి మారిస్తే చాలు. తుడిచేటప్పుడు దీని మీద పిండిన తడిగుడ్డ తప్ప ఏదీ వద్దు. నిమ్మనీళ్ళు, కుంకుడురసం, నా సబ్బు, ఏదీ వద్దు. గాలి రంధ్రాల మీద ఏదీ చిమ్మకూడదు. సోడా ముద్ద వాటిలో దూరి ఎండితే నీ చెయ్యి అందదు. తుడిచే ముందు ప్లగ్గు పీకు. బయటి డబ్బా స్క్రూలు మాత్రం ఎప్పుడూ విప్పకు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు. ఇక తలుపు అంచు. అక్కడ జిడ్డు గడ్డకడితే తలుపు సరిగ్గా ఆనదు. రోజూ ఒకసారి వేలికి తడిగుడ్డ చుట్టి చుట్టూ తిప్పు.

పెద్దమ్మ: రోజూ చెయ్యమంటావు. చేపల రోజున మాత్రం నిమ్మచెక్క పెట్టి తీరతాను, నువ్వేమన్నా సరే.

అబ్బాయి: పెట్టు. ఆ నీళ్ళతోనే తుడువు. మిగతా రోజుల్లో వేడి చేసే గిన్నె మీద మూత వెయ్యి, నిమ్మకాయలు పచ్చడికి మిగులుతాయి.

పెద్దమ్మ: మైకా నువ్వు తెస్తావా, నేను తెప్పించుకోనా?

అబ్బాయి: ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో పెద్ద రేకుగా దొరుకుతుంది. ఈ పాతముక్క జాగ్రత్తగా తీసి ఇస్తాను. కొత్తదాని మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, కత్తెరతో కత్తిరించాలి. మూలలు కాస్త గుండ్రంగా తియ్యి. స్క్రూ చిల్లు కూడా ఇదే చోట రావాలి. అది బిగించేదాకా ఓవెన్ ఆన్ చెయ్యకు. పాలు ఈ పూటకి పొయ్యి మీదే కాచు.